పిత్తాశయ శోథ: కత్తికి తాళలేని వారికి మరో మార్గం

వేసవి వచ్చిందంటే అమెరికాలోని తెలుగు ఇళ్ళు తల్లిదండ్రులతో, అత్తమామలతో నిండిపోతాయి. వారు తెచ్చే పెట్టెలలో ఆవకాయ, కందిపొడి ఎంత ముఖ్యమో, ఆరు నెలలకు సరిపడే మందులు అంతకన్నా ముఖ్యం. మధుమేహానికి ఒక మాత్ర, రక్తపోటుకు రెండు, గుండెకు స్టెంటు వేయించుకున్నవారైతే రక్తాన్ని పలుచబరిచే మాత్ర మరొకటి. ఇన్ని జాగ్రత్తలతో వచ్చిన పెద్దలకు సైతం ఒక రాత్రి భోజనానంతరం కుడివైపు డొక్కలో నొప్పి మొదలైతే, ఇంట్లో దానికి మొట్టమొదట పెట్టే పేరు ‘గ్యాస్’. “గ్యాసే లేమ్మా, కంగారు పడకు” అని అత్తగారు కోడలికి సర్దిచెబుతారు. వాము నీళ్ళు, జెలుసిల్ మాత్రలు అయిన తరువాత కూడా నొప్పి తగ్గదు. తెల్లవారేసరికి వాంతులు, జ్వరం. మధ్యాహ్నానికి ఆసుపత్రి ఎమర్జెన్సీ గది. అక్కడ అల్ట్రాసౌండ్ పరీక్ష చేసిన పిమ్మట వైద్యులు ‘అక్యూట్ కోలిసిస్టైటిస్’ అంటారు. అనగా పిత్తాశయానికి హఠాత్తుగా వచ్చిన శోథ.

దీనికి తిరుగులేని చికిత్స పిత్తాశయాన్ని తొలగించడమేనని వైద్యులు మొదట చెబుతారు. రోగి వయస్సు, గుండె పరిస్థితి చూసిన తరువాత ఈ శస్త్రచికిత్స ఈమెకు ప్రమాదకరమని కూడా వారే చెప్పవలసి వస్తుంది. ఈ రెండు మాటల నడుమ చిక్కుకున్న కుటుంబాలకు ఇటీవలి సంవత్సరాలలో మూడవ మార్గమొకటి ఏర్పడింది. కడుపు కోయకుండా, చర్మానికి రంధ్రం చేయకుండా, నోటి ద్వారా పంపిన గొట్టంతో పిత్తాశయంలోని చీమును, పైత్యరసాన్ని ప్రేగులోనికి మళ్ళించే స్టెంటు చికిత్స అది. దాని మేలు ఎంత, మూల్యం ఎంత అన్నది తెలుసుకోదగిన విషయం.

పిత్తాశయం కాలేయం అడుగున బేరిపండు ఆకారంలో వ్రేలాడే చిన్న తిత్తి. పొడవు 7 నుండి 10 సెంటీమీటర్లు. పట్టేది 30 నుండి 50 మిల్లీలీటర్ల రసం. చేపను శుభ్రం చేసేటప్పుడు చేదు తిత్తి పగలకుండా తీయడంలో ఎంత నేర్పు కావాలో గోదావరి తీరంవారికి వేరే చెప్పనక్కరలేదు. మనిషిలోని పిత్తాశయం కూడా ఆ తిత్తి వంటిదే. కాలేయం రోజంతా తయారుచేసే పైత్యరసంలో కొంత భాగాన్ని ఇది చిక్కబరచి దాచుకొని, కొవ్వు పదార్థాలు తిన్నప్పుడు ముడుచుకొని ప్రేగులోనికి వదులుతుంది. ఇది లేకపోయినా జీవితానికి లోటేమీ ఉండదు. తిత్తి పోయినా రసం తయారుచేసేది కాలేయమే కనుక, అది నేరుగా ప్రేగులోనికి చేరుతూనే ఉంటుంది.

ఈ తిత్తిలో రసం గడ్డకట్టి రాళ్ళు ఏర్పడడం అతి సాధారణం. అమెరికాలో రెండు కోట్లమందికి పైగా పిత్తాశయంలో రాళ్ళున్నాయని అంచనా. వారిలో అత్యధికులకు జీవితాంతం ఏ బాధా ఉండదు. వేరొక కారణానికి స్కానింగు చేయించుకున్నప్పుడు రాళ్ళు బయటపడతాయి, అంతే. భారతీయులకు సంబంధించి 1968లో ఎస్.ఎల్. మల్హోత్రా రైల్వే ఉద్యోగులపై జరిపిన పరిశీలన ప్రసిద్ధమైనది. ఉత్తరాది ఉద్యోగులలో ఈ రాళ్ళ జబ్బు దక్షిణాదివారి కంటే ఏడు రెట్లు ఎక్కువగా ఉన్నట్లు ఆయన గమనించారు. దక్షిణాదివారు దీనిని చూసి నిశ్చింతగా ఉండడానికి మాత్రం వీలులేదు. ఆనాటి ఆహారం వేరు, ఆనాటి శరీరశ్రమ వేరు. బరువు పెరగడం, మధుమేహం, వయస్సు, స్త్రీలలో కాన్పులు, హఠాత్తుగా బరువు తగ్గడం, ఇవన్నీ రాళ్ళకు దోహదం చేసేవే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, రాయి దొర్లివచ్చి తిత్తి మెడలో ఇరుక్కున్నప్పుడు. లోపలి రసానికి దారి మూతపడుతుంది. తిత్తి ఉబ్బుతుంది, గోడలు వాచి, రక్తప్రసరణ తగ్గుతుంది, ప్రేగులలోని సూక్ష్మజీవులు ఆ నిలువ రసంలో పెరుగుతాయి. తీవ్రమైన శోథలో నూటికి తొంభైకి పైగా కారణం ఇదే. అశ్రద్ధ చేస్తే తిత్తి చీముతో నిండవచ్చు, గోడ కుళ్ళిపోవచ్చు, చిల్లుపడి చీము ఉదరంలో వ్యాపించవచ్చు. రాళ్ళు లేకుండా కూడా ఈ శోథ రావచ్చు. తీవ్ర అస్వస్థతతో ఐ.సి.యు.లో చాలాకాలం ఉన్నవారిలో అది కనబడుతుంది.

డొక్క క్రింద వేలితో నొక్కి పట్టుకొని రోగిని గట్టిగా ఊపిరి తీయమన్నప్పుడు నొప్పితో ఊపిరి మధ్యలోనే ఆగిపోవడం ఈ జబ్బుకు పాత గుర్తు. చికాగో శస్త్రవైద్యుడు జాన్ మర్ఫీ పేరిట ఇది నేటికీ ‘మర్ఫీ సైన్’గా పాఠ్యపుస్తకాలలో ఉన్నది. కాని వృద్ధులలోను, చిరకాలం మధుమేహంతో ఉన్నవారిలోను ఈ గుర్తులు మసకబారిపోతాయి. జ్వరం ఉండకపోవచ్చు, నొప్పి స్వల్పంగానే ఉండవచ్చు. కేవలం అన్నం సహించకపోవడం, మగతగా ఉండడం, మాట తడబడడం మాత్రమే కనిపించవచ్చు. లోపల మాత్రం తిత్తి కుళ్ళుతూ ఉంటుంది. ‘గ్యాస్’ అనే మాట వల్ల మనవారికి జరిగే నష్టం ఇక్కడే ఎక్కువ. ఆరు గంటలు దాటినా తగ్గని కుడి డొక్క నొప్పికి వాము నీళ్ళు మందు కాదు.

కత్తి నడిచిన దారి

ఈ జబ్బు చికిత్సలో అమెరికాకు మొదటినుండీ ఒక స్థానం ఉన్నది. 1867లో ఇండియానాపొలిస్ నగరంలో జాన్ బాబ్స్ అనే వైద్యుడు ఒక యువతి పొట్టలోని కణితిని తీయబోయి, తీరా తెరిచి చూస్తే అది ఉబ్బిన పిత్తాశయమని గ్రహించారు. తిత్తిని తెరిచి రాళ్ళు తీసివేసి, దానిని తిరిగి కుట్టివేశారు. ఆమె కోలుకున్నది, వైద్యుని కంటే ఎక్కువ కాలమే బ్రతికింది. పదిహేనేళ్ళ తరువాత, 1882 జూలైలో, బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ మరొక అడుగు ముందుకు వేసి పిత్తాశయాన్ని మొత్తంగా తొలగించారు. రాళ్ళు ఉన్నందువల్ల తిత్తిని తీయడం కాదు, ఆ తిత్తి రాళ్ళను పుట్టిస్తుంది కాబట్టి తీయాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ తరువాత వందేళ్ళకు పైగా వైద్యలోకం ఆ బాటలోనే నడిచింది.

1985లో జర్మనీకి చెందిన ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రాల ద్వారా పిత్తాశయాన్ని తీసిచూపినప్పుడు సాటి శస్త్రవైద్యులు పెదవి విరిచారు. 1988లో జార్జియా, టెనెసీ రాష్ట్రాల వైద్యులు అమెరికాలో ఆ పద్ధతిని ప్రారంభించిన తరువాత నాలుగైదేళ్ళలోనే అది దేశమంతటా వ్యాపించింది. పొట్ట మీద అరచేయంత కోత, వారం రోజుల ఆసుపత్రి వాసం పోయి, మూడు నాలుగు చిన్న గాట్లు, ఒకటి రెండు రోజుల విశ్రాంతి మిగిలాయి. నేడు ఆరోగ్యవంతుడైన నడివయస్సు మనిషికి ఇది పెద్ద విషయం కాదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. స్టెంటు మార్గం శస్త్రచికిత్సకు పోటీగా పుట్టినది కాదు. శస్త్రచికిత్సకు తాళలేనివారి కోసం పుట్టినది. ఆ తాళలేకపోవడాన్ని తేలికగా నిర్ణయించకూడదు. నెదర్లాండ్స్‌లో ప్రమాదావకాశం ఎక్కువగా ఉన్న 142 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించి, కొందరికి లాప్రోస్కోపీ శస్త్రచికిత్స, మరికొందరికి చర్మం గుండా గొట్టం వేసి, 2018లో ఫలితాలు ప్రకటించారు. గొట్టం వేయించుకున్నవారిలో నూటికి 65 మందికి పెద్ద చిక్కులు రాగా, శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో అవి 12 మందికే వచ్చాయి. తేడా అంత స్పష్టంగా ఉండడంతో పరిశోధనను మధ్యలోనే ఆపివేశారు. కనుక కేవలం ఎనభై ఏళ్ళు నిండాయన్న కారణంతో “ఈ వయస్సులో కోతలెందుకు” అని కుటుంబమే తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది. ఆ పరిశోధనలో అత్యంత బలహీనులను చేర్చలేదన్నది కూడా గుర్తుంచుకోవలసిన సంగతే. ఇటీవలే గుండెపోటు వచ్చినవారు, గుండె బలం బాగా తగ్గినవారు, కాలేయం సిర్రోసిస్‌తో దెబ్బతిన్నవారు, ముదిరిన క్యాన్సరుతో ఉన్నవారు, మత్తుమందుకే తట్టుకోలేనివారు, వీరి సంగతి వేరు.

చర్మం మీది గొట్టం

శస్త్రచికిత్సకు వీలుకానివారికి 1980 నుండి అందుబాటులో ఉన్న మార్గం చర్మం గుండా వేసే గొట్టం. రేడియాలజీ వైద్యుడు అల్ట్రాసౌండ్ చూస్తూ, ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి, కుడి డొక్క నుండి సాధారణంగా కాలేయం మీదుగా పిత్తాశయంలోనికి సూదిని పంపి, దాని వెంట సన్నని గొట్టాన్ని ప్రవేశపెడతాడు. రెండవ కొస శరీరం వెలుపల ఒక సంచిలో ముగుస్తుంది. పూర్తి మత్తు అవసరం లేదు, పరికరాలు దాదాపు ప్రతి ఆసుపత్రిలోను ఉంటాయి, ఎంత అస్వస్థులకైనా మంచం ప్రక్కనే చేయవచ్చు. ప్రాణాపాయంలో ఉన్నవారిని ఇది వేలసార్లు గట్టెక్కించింది. దీనిని తీసిపారవేయడం కృతఘ్నత.

అయితే గొట్టం వేసిన రోజు వేరు, దానితో గడిపే వారాలు వేరు. నడుము ప్రక్కన పసుపు పచ్చని రసంతో నిండిన సంచిని తగిలించుకొని డెబ్భై ఎనిమిదేళ్ళ తల్లి చీర కట్టుకోవాలి, స్నానం చేయాలి, ఒత్తిగిలి పడుకోవాలి. గొట్టం జారిపోకుండా చూడడం, సంచి ఖాళీ చేసి కొలత రాసిపెట్టడం, కొన్నిచోట్ల రోజూ సెలైనుతో గొట్టాన్ని కడగడం, ఇవన్నీ ఉద్యోగాలకు వెళ్ళే కొడుకు కోడళ్ళ మీద పడతాయి. సంచి కనబడుతుందేమోనన్న బిడియంతో గుడికి వెళ్ళడం మానేసిన పెద్దలు, నలుగురిలో కూర్చోవడానికి ఇష్టపడనివారు ఎందరో. రాత్రి నిద్రలో గొట్టం ఊడిపోతే మళ్ళీ ఎమర్జెన్సీ గదికి పరుగు. గొట్టం తీసివేసిన తరువాత, రాళ్ళు లోపలే ఉన్నాయి కనుక, జబ్బు తిరగబెట్టే అవకాశమూ ఉన్నది. శస్త్రచికిత్స ఎన్నటికీ కాదన్నవారికి ఆ గొట్టం నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు జీవితాంతం ఉండిపోతుంది. వైద్యపత్రికలలో ‘జీవన నాణ్యత’ అనే పొడి మాటలో ఇదంతా ఇమిడి ఉన్నది.

నోటి ద్వారా లోపలి దారి

1968లో వాషింగ్టన్ నగరానికి చెందిన విలియం మెక్యూన్ బృందం అంతర్దర్శినిని నోటి ద్వారా చిన్నప్రేగు తొలిభాగమైన ఆంత్రమూలం వరకు పంపి, అక్కడ పిత్తనాళం తెరుచుకునే చిన్న చూచుకం వంటి ద్వారం గుండా రంగుద్రవం ఎక్కించి ఎక్స్‌రే తీయవచ్చునని చూపింది. నేడు ఇ.ఆర్.సి.పి. అన్న పొడి అక్షరాలతో ఆసుపత్రులలో వినబడే పరీక్షకు అది ఆరంభం. 1974లో జపాన్, జర్మనీ వైద్యులు వేర్వేరుగా ఆ ద్వారాన్ని కొద్దిగా కోసి రాళ్ళు తీయడం నేర్చారు. 1979లో హాంబర్గ్‌లో నిబ్ సోహెండ్రా పిత్తనాళంలో ప్లాస్టిక్ స్టెంటును నిలిపారు. గుండె రక్తనాళాలలో వేసే స్టెంటు అందరికీ తెలిసినదే. ఇక్కడి స్టెంటు పని కూడా దారి మూసుకోకుండా నిలబెట్టడమే, ప్రవహించేది మాత్రం రక్తం కాదు, పైత్యరసం.

ఇదే దారిని పొడిగించి పిత్తాశయం లోపలికి చేరడం మొదటి పద్ధతి. 1984లో రిచర్డ్ కొజరెక్ ఇ.ఆర్.సి.పి. సమయంలోనే పిత్తాశయ నాళంలోనికి ప్రత్యేకంగా ప్రవేశించవచ్చునని రాశారు. పిత్తనాళం నుండి ప్రక్కకు తిరిగే ఈ నాళం సన్ననిది, మెలికలు తిరిగినది, లోపల మరచుట్టు వంటి మడతలు కలది. ఇందులో సన్నని తీగను నడిపించి, దాని వెంట రెండు కొసలా చుట్టలు చుట్టుకున్న చిన్న ప్లాస్టిక్ స్టెంటును పంపుతారు. ఒక చుట్ట తిత్తిలో, రెండవ చుట్ట ఆంత్రమూలంలో నిలుస్తుంది. స్టెంటు మందం రెండు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అన్ని ప్రయత్నాలూ ఫలించవు. రాయి అడ్డుగా ఉన్నా, నాళం మెలిక గట్టిదైనా తీగ లోపలికి వెళ్ళదు. ఇ.ఆర్.సి.పి. వల్ల క్లోమానికి శోథ వచ్చే ప్రమాదం కూడా ఉన్నది. కాని ప్రకృతి ఏర్పరచిన దారిలోనే నడుస్తుంది కనుక, క్రొత్తగా ఎక్కడా రంధ్రం చేయనవసరం లేదు. పొట్టలో నీరు చేరినవారికి, రక్తం సులభంగా గడ్డకట్టనివారికి, కాలేయ మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవారికి ఇది మేలైన మార్గమని వైద్యులు భావిస్తారు.

రెండవ పద్ధతి ఇంకా సాహసోపేతమైనది. అంతర్దర్శిని కొసన ఒక చిన్న అల్ట్రాసౌండ్ పరికరాన్ని అమర్చి, జీర్ణాశయం లేదా ఆంత్రమూలం గోడ అవతల ఏమున్నదో చూడడం 1980 ప్రాంతంలో మొదలైంది. పిత్తాశయం ఆ గోడకు ఆనుకొని ఉండడం వల్ల తెరమీద స్పష్టంగా కనబడుతుంది. గోడను దాటి తిత్తిలోనికి నేరుగా ఒక క్రొత్త దారి తొలిచి, దానిలో స్టెంటును నిలపడం సాధ్యమేనని 2007లో మేయో క్లినిక్‌కు చెందిన టాడ్ బారన్, మార్క్ టొపేజియన్ మొదలైనవారు చూపించారు. అయితే అప్పటి స్టెంట్లు ఈ పనికోసం తయారైనవి కావు. రెండు అవయవాలు ఒకదానికొకటి అతుక్కొని లేవు. మధ్యలో సందు ఉన్నది. స్టెంటు జారినా, ప్రక్కనుండి రసం కారినా పైత్యం ఉదర కుహరంలో పడి ప్రాణం మీదికి వస్తుంది.

ఈ చిక్కు విడదీసినది ఒక ఆకారం. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన కెన్నెత్ బిన్‌మోలర్ రూపొందించి 2011లో వివరించిన స్టెంటు, చూపుకు శివుని చేతిలోని డమరుకంలా ఉంటుంది. నడుము సన్నగా, రెండు కొసలు పళ్ళెములవలె వెడల్పుగా ఉంటాయి. ఒక పళ్ళెము పిత్తాశయం లోపల విచ్చుకుంటుంది, రెండవది జీర్ణాశయం లేక ఆంత్రమూలం లోపల విచ్చుకుంటుంది. రెండు గోడలూ వాటి నడుమ నొక్కుకొని కలిసి ఉంటాయి. కొద్ది వారాలలో ఆ చోట శరీరమే దారిని గట్టిపరుస్తుంది. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ లోహపు తీగల అల్లిక, దానిమీద సిలికోన్ పొర, నడుము పొడవు సుమారు 10 మిల్లీమీటర్లు, వెడల్పు 10 లేదా 15 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ స్టెంటుతో పోలిస్తే ఇది రాజమార్గమే. చీముతో బాటు చిన్న రాళ్ళు కూడా దీనిగుండా జారి ప్రేగులో పడిపోగలవు. కావాలంటే తరువాత అంతర్దర్శినినే తిత్తిలోనికి పంపి రాళ్ళు పగులగొట్టి తీయవచ్చు. కొసన విద్యుత్తుతో గోడను తొలిచే ఏర్పాటు తోడైన తరువాత మొత్తం పని ఒకే పరికరంతో, తక్కువ సమయంలో ముగుస్తున్నది.

అమెరికా ఎఫ్.డి.ఎ. ఈ డమరుక స్టెంటును 2013 డిసెంబరులో క్లోమం ప్రక్కన చేరే ద్రవపు తిత్తుల కోసం అనుమతించింది. పిత్తాశయం కోసం, అదీ శస్త్రచికిత్సకు తగని లేదా దాని ప్రమాదం ఎక్కువగా ఉన్న రోగులకు, అనుమతి 2023లో వచ్చింది. మధ్య కాలంలో అనుభవజ్ఞులైన వైద్యులు తమ విచక్షణతో దీనిని పిత్తాశయానికి వాడుతూనే వచ్చారు. 

బయటి గొట్టానికీ లోపలి స్టెంటుకూ ముఖాముఖి పరీక్ష జరిగినది హాంకాంగ్‌కు చెందిన ఆంథొనీ టియో నేతృత్వంలో. ఫలితాలు 2020లో వెలువడ్డాయి. శస్త్రచికిత్సకు అనర్హులైన 80 మంది రోగులు అందులో పాల్గొన్నారు. ఏడాదిలోగా ఏదో ఒక చిక్కు ఎదురైనవారు గొట్టం వర్గంలో నూటికి 77.5 మంది, స్టెంటు వర్గంలో 25.6 మంది. మళ్ళీ ఏదైనా చికిత్స చేయవలసి వచ్చినవారు గొట్టం వర్గంలో నూటికి 30, స్టెంటు వర్గంలో 2.6. జబ్బు తిరగబెట్టడం గొట్టంవారిలో నూటికి 20, స్టెంటువారిలో 2.6. మరణాలలో మాత్రం చెప్పుకోదగిన తేడా కనబడలేదు. స్టెంటు ఆయుర్దాయాన్ని పెంచుతుందని దీని అర్థం కాదు. మిగిలిన రోజులలో ఆసుపత్రి పరుగులను తగ్గిస్తుందని అర్థం. పెద్దవయస్సువారి విషయంలో అది చిన్న లాభం కాదు.

మూసుకుపోయే తలుపు

ఇంత విన్న తరువాత ప్రతి కుటుంబమూ స్టెంటే కావాలనడం సహజం. ఆ నిర్ణయానికి ముందు తెలియవలసిన సంగతి ఒకటి ఉన్నది. గోడను తొలిచి వేసిన స్టెంటు వల్ల పిత్తాశయానికీ ప్రేగుకూ మధ్య శాశ్వతమైన బంధం ఏర్పడుతుంది. రేపు రోగి కోలుకొని, గుండె కుదుటపడి, శస్త్రచికిత్సకు తగినవాడైతే, అప్పుడు పిత్తాశయాన్ని తీసే వైద్యుడు ఆ బంధాన్ని విడదీసి ప్రేగు రంధ్రాన్ని కుట్టవలసి ఉంటుంది. అది అసాధ్యం కాదుగాని, మామూలు శస్త్రచికిత్స కంటే కష్టమైనది. అందువల్ల “ఇప్పుడు శస్త్రచికిత్సకు వీలుకాదు” అన్నదానికీ “ఎప్పటికీ వీలుకాదు” అన్నదానికీ ఉన్న తేడా మీద చికిత్స అంతా ఆధారపడి ఉన్నది. రెండు నెలలలో కోలుకునే ఆశ ఉన్నవారికి చర్మం మీది గొట్టమో, సహజ నాళం గుండా వేసే సన్నని స్టెంటో మేలు కావచ్చు. ఆ ఆశ లేనివారికి డమరుక స్టెంటు మేలు. ఈ ఒక్క ప్రశ్నను కుటుంబం సూటిగా అడగాలి, సమాధానం శస్త్రవైద్యుని నుండి కూడా వినాలి. స్టెంటు వేసే వైద్యుడు, గొట్టం వేసే వైద్యుడు, కోసే వైద్యుడు ముగ్గురూ ఒకేచోట కూర్చొని మాట్లాడుకున్న ఆసుపత్రిలో రోగికి న్యాయం జరిగే అవకాశం ఎక్కువ.

ప్రమాదాలు లేకపోలేదు. రక్తస్రావం, స్టెంటు తప్పుచోట విచ్చుకోవడం, పైత్యం పొట్టలోనికి కారడం, గోడకు చిల్లు, ఇవి అరుదైనా సంభవించేవే. జీర్ణాశయం వైపు తెరుచుకున్న స్టెంటులోనికి అన్నం మెతుకులు చేరి మూసుకుపోవచ్చు. రక్తాన్ని పలుచబరిచే మాత్రలను ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలి అన్నది గుండె వైద్యునితో తేల్చుకోవలసిన విషయం. గుండెలో ఇటీవలే స్టెంటు వేయించుకున్నవారు సొంతంగా మాత్ర మానడం ప్రాణాంతకం కావచ్చు. ఇండియానుండి తెచ్చిన మాత్రల పేర్లు అమెరికా వైద్యులకు తెలియకపోవడం పరిపాటి. వ్యాపార నామం కాక, అట్టమీద చిన్న అక్షరాలలో ఉండే అసలు మందు పేరు చూపించాలి.

ఈ చికిత్స అన్ని ఊళ్ళలోనూ దొరకదు. అల్ట్రాసౌండ్ అంతర్దర్శినిలో నేర్పు కలవారు పెద్ద ఆసుపత్రులలోను, విశ్వవిద్యాలయ కేంద్రాలలోను ఉంటారు. చిన్న పట్టణంలో చేరిన రోగికి ముందుగా యాంటీబయాటిక్స్, సెలైను, అవసరమైతే చర్మం మీది గొట్టం ఇచ్చి ప్రాణం నిలిపి, ఆ తరువాత పెద్ద ఆసుపత్రికి పంపడం మంచి పద్ధతే. గొట్టాన్ని తరువాత లోపలి స్టెంటుగా మార్చడం కూడా సాధ్యమే.

సందర్శకుల వీసాపై వచ్చిన పెద్దల విషయంలో ఖర్చు భయం మరొకటి. 1986 నాటి చట్టం ప్రకారం, మెడికేర్ సొమ్ము తీసుకునే ఏ ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగమైనా, చెల్లింపు స్తోమతతో నిమిత్తం లేకుండా రోగిని పరీక్షించి, అత్యవసర పరిస్థితి ఉంటే కుదుటపరచి తీరాలి. ఆ తరువాత బిల్లు రాదని దీని అర్థం కాదు. సందర్శకుల భీమా పత్రాలలో పూర్వం నుండి ఉన్న జబ్బులకు మినహాయింపులు ఉంటాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో చేసిన స్కానింగులో రాళ్ళున్నట్లు ముందే తెలిసి ఉంటే, ఆ సంగతి ప్రయాణానికి ముందే వైద్యునితో చర్చించి రావడం ఉత్తమం. ఆసుపత్రిలో తెలుగు మాత్రమే తెలిసిన తల్లికి దుబాసీని అడిగే హక్కు ఉన్నది. ఫోను ద్వారానైనా ఏర్పాటు చేస్తారు. కొడుకు దుబాసీ అయినప్పుడు భయపెట్టే మాటలను మింగివేయడం కద్దు. సమ్మతి పత్రం మీద వ్రేలు పెట్టేది ఆమె కనుక, పూర్తి మాట ఆమెకే చేరాలి.

చివరిగా తిరుగు ప్రయాణం. ప్లాస్టిక్ స్టెంట్లు కాలక్రమేణా మూసుకుపోతాయి. డమరుక స్టెంటును సైతం అనేక కేంద్రాలలో నాలుగు నుండి ఆరు వారాల తరువాత తీసివేసి, ఆ దారిలో సన్నని ప్లాస్టిక్ స్టెంట్లు ఉంచుతారు. మరీ బలహీనులలో అలాగే వదిలివేయడమూ ఉన్నది. ఏది చేయబోతున్నారో ముందే తెలియాలి. స్టెంటుతో విమానమెక్కి, నొప్పి లేదు కదా అని మరచిపోయి, ఏడాది తరువాత జ్వరంతో ఆసుపత్రికి చేరడం వైద్యులకు తెలిసిన కథే. హైదరాబాదులో ఈ విద్యకు కొరత లేదు. కర్నూలు వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ అంతర్దర్శిని చికిత్సలో ప్రపంచ ప్రసిద్ధి పొందినది. ఆయనకు 2025లో పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. అయితే ఎంత నేర్పరియైన వైద్యునికైనా ఏ స్టెంటు, ఎంత వెడల్పు, ఎక్కడినుండి ఎక్కడికి, ఏ తేదీన వేశారన్నది తెలియాలి. అందువల్ల ఆసుపత్రి ఇచ్చే స్టెంటు కార్డు, చికిత్స నివేదిక, స్కానింగు చిత్రాల డిస్కు, తదుపరి పరీక్ష తేదీ రాసిన కాగితం, వీటి నకళ్ళు రెండు తీయించి, ఒకటి పాస్‌పోర్టుతో బాటు చేతిసంచిలోను, మరొకటి ఇక్కడి పిల్లల దగ్గరను ఉంచాలి. ఊరికి చేరిన మొదటి వారంలోనే అక్కడి వైద్యునికి చూపించే ఏర్పాటు టికెట్టు కొనేటప్పుడే చేసుకోవచ్చు.